ఊపిరి చెప్పిన సాక్ష్యము

భారతము ఆదిపర్వములోని కచదేవయానుల కథ తెలియని తెలుగువారు అరుదు. మృతసంజీవనీ విద్యకై వచ్చిన కచుని రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువైన శుక్రాచార్యునిచేతనే త్రాగించినారు. అంతటి తపస్వి, అంతటి నీతివేత్త, పాత్రలో ఏమున్నదో ఎరుగలేదు. కూతురు కన్నీరు పెట్టిన తరువాత, శిష్యుడు కడుపులోనుంచి పలికిన తరువాత గాని ఆయనకు జరిగినది తెలియలేదు. గురువు ఉపదేశించిన విద్యతో కచుడు బ్రతికి బయటపడినాడు. అదే విద్యతో గురువును తిరిగి బ్రతికించినాడు. అటుపైని శుక్రుడు సురాపానము మహాపాతకమని లోకమునకు కట్టడి చేసినాడు.

ఈ కథలో చట్టము పుట్టిన తీరు గమనింపదగినది. ముందు అనర్థము జరిగినది. తరువాత శాసనము వచ్చినది. త్రాగినవానికి ఎరుక కలిగించినది బయటి సాక్ష్యమే. నేడు నడిరోడ్డున బండి ఆపి పోలీసు ఉద్యోగి గొట్టములోనికి గాలి ఊదమని అడిగినప్పుడు జరుగు వ్యవహారమునకు మూలసూత్రము కూడ ఇదే. మద్యము మొదట హరించునది తన్ను తాను తూచుకొను శక్తిని. తాను బాగానే ఉన్నానను మాటను త్రాగనివాడు ఎంత నిబ్బరముగా చెప్పునో, త్రాగినవాడు అంతకు రెండింతలు నిబ్బరముగా చెప్పును. ఆ మాటను గ్రుడ్డిగా నమ్మకుండా, అలాగని అనుమానమాత్రముచేత శిక్షింపకుండా నిజము తేల్చుట ఎట్లు? గడచిన నూటయేబది ఏండ్లుగా న్యాయశాస్త్రము, రసాయనశాస్త్రము చేయి కలిపి ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నవి.

ముక్కు, నడక, నాలుక

మోటారు పుట్టకముందే ఈ చిక్కు పుట్టినది. ఇంగ్లండులో 1872 నాటి లైసెన్సింగు చట్టము త్రాగినవాడు వీధిలో బండినిగాని, గుఱ్ఱమునుగాని, పశువులనుగాని, ఆవిరియంత్రమునుగాని తోలుట నేరమన్నది. 1897 సెప్టెంబరులో లండను నగరమున విద్యుచ్ఛక్తితో నడిచే అద్దెబండిని ఒక భవనమునకు గ్రుద్దిన చోదకుడు, త్రాగి మోటారు నడిపినందుకు శిక్షపడిన మొదటివాడుగా చరిత్రకెక్కినాడు. అతడు నేరము ఒప్పుకొన్నాడు గనుక కోర్టువారికి శ్రమ లేకపోయినది. ఒప్పుకొననివారి సంగతి ఏమి?

అట్టివారికోసము ఠాణాకు డాక్టరు వచ్చేవాడు. నేలపై గీత గీసి దానివెంట నడవమనేవాడు. కండ్లు మూసుకొని వ్రేలితో ముక్కు కొసను తాకమనేవాడు. నోరు తిరుగని మాటలు పలికించేవాడు. సహజముగానే నత్తి గలవాడు, కాలు కుంటివాడు, ప్రమాదములో తలకు దెబ్బ తగిలినవాడు, భయముతో వణుకువాడు ఆ పరీక్షలో తప్పేవారు. త్రాగుడులో ఆరితేరినవాడు మాత్రము గీత తప్పకుండా నడిచి, నమస్కారము పెట్టి ఇంటికి పోయేవాడు. ఇక ముక్కును మోసగించుట మరీ సులభము. నాలుగు యాలకులు, గుప్పెడు సోంపు, ఘాటైన కిళ్లీ ఒకటి చాలును.

మన దేశములో 1939 నాటి మోటారు వాహనముల చట్టము 117వ సెక్షనులో ఈ నేరమును నిర్వచించినది. వాహనమును సరిగా అదుపులో ఉంచుకొనలేనంతగా మత్తులో ఉండవలెనని దాని షరతు. ఆ 'అంతగా' అన్న ఒక్కమాటలోనే వాదప్రతివాదములన్నియు ఇమిడి ఉన్నవి. ఎంతగా? కొలుచుటకు పాత్ర చట్టములో లేదు. బొంబాయిలో జరిగిన ఒక ప్రమాదము కేసు 1971లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు ఈ లోటు బయటపడినది. ముద్దాయి నోట మద్యము వాసన వచ్చినది, అడుగులు తడబడినవి, మాట పొందికగా లేదు, కంటిపాపలు విప్పారి ఉన్నవి అని సాక్ష్యము. మూత్రపరీక్ష జరుగలేదు, రక్తమును రసాయన పరీక్షకు పంపినా ఆ నివేదిక కోర్టులో దాఖలు కాలేదు. పై లక్షణములు మాత్రమే చూచి అతడు మత్తులో ఉన్నాడని తీర్మానించరాదని న్యాయస్థానము చెప్పినది. ఆ తీర్పువలన ఒక ముద్దాయి ఆ ఆరోపణనుంచి బయటపడినాడన్నది నిజమే. కాని ప్రమాదములో దెబ్బతిని తడబడుచున్న నిరపరాధిని కాపాడునదియు అదే తీర్పు. ఊహకు బదులు కొలత కావలెనని న్యాయము అడిగినది.

ఫుట్‌బాలు తిత్తిలోని గాలి

ఆ కొలత అప్పటికే ఇతర దేశములలో సిద్ధమై ఉన్నది. త్రాగిన మద్యము కడుపులోను, ప్రేవులలోను ఇంకి రక్తములో కలియును. ఆ రక్తము ఊపిరితిత్తులలోని గాలిగదుల పలుచని గోడలను ఒరసికొని ప్రవహించునప్పుడు, అందులోని ఆల్కహాలులో అత్యల్పభాగము ఆవిరియై గాలిలో చేరును. కనుక గట్టిగా ఊదినప్పుడు లోతునుంచి చివరగా వచ్చే ఊపిరి, రక్తము స్థితికి అద్దము వంటిది. మద్యము ఊపిరివెంట బయటపడునని ఇంగ్లీషు వైద్యుడు ఫ్రాన్సిస్ ఆన్‌స్టీ 1874లోనే గుర్తించినాడు. స్వీడను దేశమున లుండ్ విశ్వవిద్యాలయములో ఎరిక్ విడ్‌మార్క్ 1922లో కొద్ది చుక్కల రక్తముతోనే అందులోని ఆల్కహాలును లెక్కకట్టు విధానమును ప్రకటించినాడు. ఈ విజ్ఞానము ఆధారముగా నార్వే 1936లో రక్తములోని మద్యమునకు అంకెతో హద్దు పెట్టినది. 1941లో స్వీడను ఆ దారినే నడిచినది. అప్పటినుంచి న్యాయస్థానము అడుగు ప్రశ్న మారినది. మనిషి ఎట్లు నడిచినాడన్న ప్రశ్న పోయి, రక్తములో ఎంత ఉన్నదన్న ప్రశ్న వచ్చినది.

అయితే ప్రతివాని రక్తము తీయుటకు నడిరోడ్డుమీద వైద్యుడు దొరకడు. ఊపిరిని పట్టుకొను ఉపాయము కావలసివచ్చినది. 1927లో లాస్ ఏంజిలిస్ నగరమున ఎమిల్ బోగెన్ అను వైద్యుడు ఫుట్‌బాలులోని రబ్బరు తిత్తిలోనికి రోగులచేత గాలి ఊదించి, ఆ గాలిని రసాయన ద్రవములగుండా పంపి చూచినాడు. ఆల్కహాలు ఉన్నకొలది ద్రవము రంగు మారినది. పిల్లలు ఆడుకొను తిత్తి అట్లు శాస్త్రపరికరమైనది. ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన రోలా హార్గర్ ఈ మార్గమునే అనుసరించి, బెలూనులోని గాలితో పనిచేయు 'డ్రంకోమీటరు' నిర్మించినాడు. 1938 డిసెంబరు 31 రాత్రి, క్రొత్త సంవత్సరపు వేడుకల వేళ, ఇండియానాపోలిస్ పోలీసులు దానిని రోడ్డుమీదికి తెచ్చినారు. నేటికిని ఏటా అదే రాత్రి మన నగరములలో పోలీసులు ప్రత్యేక తనిఖీలు జరుపుట చూచినప్పుడు, ముహూర్తము మారలేదని తోచును.

డ్రంకోమీటరు పనిముట్టుగా మంచిదే. కాని బరువైనది, వాడుటకు నేర్పు కావలెను. ఇండియానా రాష్ట్ర పోలీసుశాఖలో ఛాయాచిత్రముల పనిలో అనుభవము గడించిన రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ 1954లో 'బ్రెతలైజరు'ను తయారుచేసినాడు. అందులో పొటాసియము డైక్రోమేటు కలిపిన పసుపుపచ్చని ద్రవమున్న గాజుగొట్టములు రెండుండును. ఒకదానిగుండా ఊపిరి పోవును. రెండవది తాకకుండా ఉంచినది. ఊపిరిలో ఆల్కహాలు ఉన్నచో మొదటిదాని పసుపు వెలసిపోవును. రెండిటిగుండా వెలుతురు ప్రసరింపజేసి, తేడాను ఫొటోసెల్లు కొలుచును. రంగుల తేడాను మనిషి కంటికి విడువకుండా యంత్రమునకు అప్పగించుటయే ఆ పరికరములోని విశేషము.

ఊపిరినుంచి రక్తమునకు లెక్క కట్టుటకు ఒక నిష్పత్తిని స్వీకరించినారు. సుమారు 2,100 మిల్లీలీటర్ల లోతైన ఊపిరిలో ఎంత ఆల్కహాలు ఉండునో, ఒక మిల్లీలీటరు రక్తములో అంత ఉండునని ఆ లెక్క. మనిషి మనిషికి, వేళ వేళకు ఇది కొంత మారును. బ్రిటనువారు ఇంచుమించు 2,300 వంతున లెక్క వేసినారు. ఎక్కువ నిష్పత్తివలన అంకె కొంత పెరుగును, తక్కువవలన తగ్గును. ఈ కొద్దిపాటి సందులోనుంచే తరువాతి న్యాయవాదములు అనేకము పుట్టినవి.

అంకె ఉన్నంతమాత్రాన

హద్దు ఎక్కడ గీయవలెనన్నది తరువాతి ప్రశ్న. బోర్కెన్‌స్టీనే 1962, 1963 సంవత్సరములలో మిషిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున పెద్ద పరిశోధన జరిపించినాడు. ప్రమాదములలో చిక్కిన వేలమంది చోదకుల ఊపిరిని పరీక్షించినారు. అట్టి ప్రదేశములలోనే, అట్టి వేళలలోనే, ఏ ప్రమాదమునకు గురికాకుండా పోవుచున్న వేలమందిని కూడ ఆపి పరీక్షించినారు. ఈ రెండు జాబితాలను పోల్చి 1964లో ఫలితములు ప్రకటించినారు. రక్తములో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు దాటినపుడు ప్రమాదభయము నిటారుగా ఎక్కినట్లు ఆ పోలికలో తేలినది.

ఆ అంకెనే బ్రిటను 1967 నాటి రహదారి భద్రతా చట్టములో చేర్చుకొన్నది. రవాణామంత్రి బార్బరా కాసిల్. ఆమెకు కారు నడుపుట రాదు. కారు నడుపనేరని స్త్రీకి ఈ విషయమున మాట్లాడు హక్కు ఏమున్నదని పరిహసించినవారు కలరు; బెదిరింపు జాబులు వ్రాసినవారు కలరు. అనుమానముతో పని లేకుండా ఎవరినైనా ఆపి పరీక్షించు అధికారము మొదటి బిల్లులో ఉండగా, వ్యక్తిస్వాతంత్ర్యమునకు భంగమని అలజడి రేగి అది తొలగిపోయినది. 1967 అక్టోబరు 9న చట్టము అమలులోనికి వచ్చినది. పోలీసుల చేతికి వచ్చినది ఒక సంచి, దానికొక గాజుగొట్టము. గొట్టములోని పసుపుపచ్చని స్ఫటికములు ఆకుపచ్చగా మారినచో చోదకుని ఠాణాకు తీసుకొనిపోయి రక్తమో మూత్రమో పరీక్షింతురు. మొదటి సంవత్సరములోనే రోడ్డుమరణములు వెయ్యికి పైగా తగ్గినవి.

కాని ఆ మంచి నిలువలేదు. అమెరికను సామాజికశాస్త్రవేత్త హెచ్. లారెన్స్ రాస్ ఈ చట్టము ఫలితములను పరిశీలించి 1973లో ఒక సంగతి బయటపెట్టినాడు. చట్టము వచ్చిన క్రొత్తలో ప్రతివాడు తాను పట్టుబడుదునని భయపడినాడు. కొన్నాళ్లు గడచిన తరువాత, ఆపేవారు అరుదని అనుభవముమీద గ్రహించినాడు. భయము సడలినది, ప్రమాదములు మెల్లగా పాతదారి పట్టినవి. చట్టములోని అక్షరము మారలేదు, అంకె మారలేదు. పట్టుబడుదుమన్న నమ్మకము మాత్రము కరగిపోయినది.

దీనికి సరిగా ఎదురు దృష్టాంతము ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రము. 1982 డిసెంబరు 17న అక్కడ అనుమానముతో నిమిత్తము లేకుండా ఎవరినైనా ఆపి ఊపిరి పరీక్షించు పద్ధతి మొదలైనది. బ్రిటను వదలుకొన్న అధికారమును ఆ రాష్ట్రము చేపట్టి, విరివిగా వాడినది. ఊరూరా చాటింపు వేసినది. 1982తో పోల్చగా 1983లో రోడ్డుమరణములు ఐదవవంతుకు పైగా తగ్గినవి. అక్కడివారికి తనిఖీ ఒక నిత్యకృత్యమైనది. తప్పు చేసినవాడే ఆగవలెనన్న అవమానము లేకపోయినది, ఎందుకనగా అందరును ఆగుచున్నారు.

స్కాట్లాండు ఉదాహరణ ఇంకను క్రొత్తది. 2014 డిసెంబరులో ఆ దేశము హద్దును 80 నుంచి 50 మిల్లీగ్రాములకు దించినది. ఇంగ్లండు, వేల్సులలో పాత హద్దే నిలిచినది. ఒకే దీవిలో ఒక ప్రాంతమున హద్దు మారి, మరొకచోట మారకపోవుటవలన శాస్త్రజ్ఞులకు చక్కని అవకాశము చిక్కినది. గ్లాస్గో పరిశోధకులు 2018లో 'లాన్సెట్' పత్రికలో వెల్లడించిన ఫలితము ఆశించినదానికి భిన్నముగా ఉన్నది: హద్దు దించినందువలన ప్రమాదములు తగ్గినట్లు కనబడలేదు. హద్దుతో పాటు తనిఖీ పెరుగకపోవుటయే ఇందుకు కారణము కావచ్చునని ఆ పరిశోధకుల అభిప్రాయము.

మన చట్టము, మన రోడ్డు

ఈ వెలుగులో మన చట్టమును చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను, రక్తములో మద్యము ఎంత స్వల్పముగా ఉన్నను నేరమేనని మొదట అన్నది. 1994 సవరణతో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములన్న హద్దు ఏర్పడినది. ఇది బ్రిటను హద్దులో సగము కూడ కాదు. అంకెల పోటీలో మన దేశము మెతకదని ఎవరును అనలేరు.

అధికారముతో పాటు చట్టము కట్టుబాట్లు కూడ పెట్టినది. 203వ సెక్షను ప్రకారము యూనిఫారము ధరించిన పోలీసు అధికారికి, లేదా మోటారు వాహనముల శాఖ అధికారికి, సందేహించుటకు తగిన కారణము కనబడినపుడు ఊపిరి నమూనా అడుగు హక్కు కలదు. అరెస్టు చేసినవానిని రెండు గంటలలోపల వైద్యపరీక్షకు పంపవలెను, పంపనిచో విడువవలెను. తగిన కారణము లేకుండ పరీక్షకు నిరాకరించినవాని నిరాకరణము అతనికి ప్రతికూలమైన సాక్ష్యమునకు బలము చేకూర్చును. 2019 సవరణ ప్రయోగశాల పరీక్షను కూడ 185వ సెక్షనులో స్పష్టముగా చేర్చినది. శిక్షలను పెంచినది కూడ ఆ సవరణయే. మొదటిసారి నేరమునకు జరిమానా 2,000 రూపాయలనుంచి 10,000కు, మరల చేసినచో 3,000నుంచి 15,000కు పెరిగినది. జైలుశిక్ష మొదటిసారి ఆరు నెలలవరకు, మరుసారి రెండేండ్లవరకు ఉండవచ్చును.

ప్రాణము పోయినపుడు న్యాయస్థానములు ఇంకను కఠినముగా చూచుచున్నవి. 2006 నవంబరులో ముంబయిలో కాలిబాటమీద నిద్రించుచున్న కూలివారి మీదుగా కారు పోయి ఏడుగురు మరణించినారు. 2012లో సుప్రీంకోర్టు దీనిని వట్టి నిర్లక్ష్యముగా పరిగణింపలేదు. ప్రాణము పోగలదను ఎరుకతో చేసిన పనిగా ఎంచి, హత్యకు తక్కువైన ప్రాణహరణ నేరముక్రింద మూడేండ్ల జైలుశిక్షను ఖాయపరచినది. త్రాగి నడుపువానికి ఆ క్షణమున తెలివి ఉండకపోవచ్చును. త్రాగకముందు తెలివి ఉన్నదిగదా అన్నది ఇట్టి తీర్పుల వెనుకనున్న న్యాయము. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసి, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యము దుకాణములు ఉండరాదన్నది. 2017లో చిన్న ఊళ్లకు ఈ దూరము 220 మీటర్లకు తగ్గినది; అటుతరువాత పురపాలక పరిధిలోని రోడ్లకు మినహాయింపు లభించినది.

హైదరాబాదులో వారాంతపు రాత్రులలో జరుగు తనిఖీలు జనులకు సుపరిచితములు. పట్టుబడినవారిని కుటుంబసభ్యులతో కూడ ట్రాఫిక్ శిక్షణసంస్థకు పిలిపించి హితవు చెప్పి, తరువాత మేజిస్ట్రేటు ఎదుట నిలుపు పద్ధతి అక్కడ చాలకాలము సాగినది. తండ్రిప్రక్కన, భార్యప్రక్కన కూర్చుండి యంత్రము చూపిన అంకెను వినవలసిరావడము కొందరికి జరిమానాకంటె బరువైన శిక్ష. పోలీసులకును హద్దులున్నవి. త్రాగి నడిపినవాని బండిని పట్టుకొని ఉంచు విషయమై 2021లో తెలంగాణ హైకోర్టు కొన్ని సూచనలు చేసినది. త్రాగినవానిచేత బండి నడుపనీయరాదు. కాని ప్రక్కన త్రాగని సహచరుడుండి, అతనికి లైసెన్సు ఉన్నచో అతనికి అప్పగింపవలెను. లేనిచో బంధువును పిలువవలెను. ఎవరును రానపుడు బండిని ఠాణాకు చేర్చి, తరువాత యజమానికి ఇచ్చివేయవలెను. నేరము మనిషిదిగాని బండిది కాదన్న వివేకము ఇందులో ఉన్నది.

ఈ ఏర్పాట్లన్నియు ఉండగనే 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపమున చిన్నటేకూరువద్ద ఘోరము జరిగినది. తెల్లవారకముందు జాతీయ రహదారిపై ఒక మోటారుసైకిలు అదుపు తప్పి పడి, దానిని నడిపిన యువకుడు మరణించినాడు. రోడ్డుపై పడియున్న ఆ బండి, హైదరాబాదునుంచి బెంగుళూరు పోవుచున్న బస్సుక్రింద చిక్కుకొన్నది. నిప్పు రాజుకొని 19 మంది ప్రయాణికులు ఆహుతి అయినారు. ఆ యువకుడు మద్యము సేవించి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలినది. అంత ప్రాణనష్టమునకు ఇతర కారణములును తోడై ఉండవచ్చును; గొలుసులో మొదటి లంకె మాత్రము ఒక మనిషి, ఒక బండి, కొంత మద్యము. బస్సులో నిద్రించుచున్నవారికి ఆ మనిషి ఎవరో తెలియదు. మరణించిన తరువాత ఫోరెన్సిక్ పరీక్ష చెప్పిన సత్యమును, బండి కదలకముందే ఊపిరి చెప్పి ఉండవలసినది.

పనసతొన నేర్పిన పాఠము

అంత గురుతరమైన సాక్ష్యము చెప్పు యంత్రము తానును పరీక్షకు నిలువవలెను. పోలీసుల చేతిలోని నేటి పరికరములలో రంగుద్రవములు లేవు. వేల్స్ దేశపు రసాయనశాస్త్రవేత్త టామ్ పారీ జోన్స్ మొదలైనవారి కృషివలన 1970ల దశాబ్దమున విద్యుత్‌కణముతో పనిచేయు పరికరము రూపొందినది. ప్లాటినము పలకపై ఆల్కహాలు ఆక్సీకరణము చెందినపుడు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు ఎంతో కొలిచిన, ఆల్కహాలు ఎంతో తెలియును. ఇంకొక రకము యంత్రము ఊపిరిగుండా పరారుణ కిరణములను పంపి, ఆల్కహాలు ఎంత కాంతిని మ్రింగినదో చూచును. బ్రిటనులో 1983నుంచి ఠాణాలోని ఇట్టి యంత్రము చూపిన అంకె రక్తపరీక్ష లేకుండనే సాక్ష్యముగా చెల్లుచున్నది.

అయినను యంత్రము ఎదుటికి వచ్చునది నోటిలోనుంచి వచ్చిన గాలి. ఊపిరితిత్తులలోని ఆల్కహాలుకు, నోటిలో మిగిలిన ఆల్కహాలుకు తేడా దానికి అన్నివేళల తెలియదు. పుక్కిలించు కొన్ని మందులలోను, హోమియోపతి ద్రావణములలోను ఆల్కహాలు ఉండును. 2025 జూలైలో కేరళలోని పందళం బస్సు డిపోలో ఒక చిత్రము జరిగినది. విధులకు వచ్చిన డ్రైవర్ల ఊపిరిలో మద్యము ఉన్నట్లు యంత్రము చూపినది. వారు త్రాగలేదని మొరపెట్టుకొన్నారు. ఆరా తీయగా వారు తిన్నది బాగుగా పండిన పనసతొనలు! పరీక్షలో సున్న వచ్చిన మరొకనిచేత ఆ తొనలే తినిపించి మరల ఊదించినారు. యంత్రము అతనినికూడ త్రాగుబోతు అన్నది. మిగుల పండిన పండ్లలో చక్కెర పులిసి కొంత ఆల్కహాలు పుట్టుట సహజము.

ఇట్టి పొరపాటునకు మందు శాస్త్రములోనే ఉన్నది. నోటిలోని ఆల్కహాలు పదిహేను నిమిషములలో హరించిపోవును, రక్తములోనిది పోదు. కనుక కొంతసేపు ఏమియు తిననీయక, త్రాగనీయక నిలిపి మరల ఊదించినచో పనసతొన నిర్దోషియై బయటపడును, సారా దొరకిపోవును. ఆరోగ్యవంతుని రక్తములో మద్యము సగటున గంటకు 15 మిల్లీగ్రాముల వంతున మాత్రమే తగ్గును. మజ్జిగ త్రాగినను, నిమ్మరసము పిండుకొన్నను, చన్నీళ్లు తలపై కుమ్మరించుకొన్నను ఆ వేగము పెరుగదు. రాత్రి అతిగా త్రాగి పడుకొన్నవాడు తెల్లవారి స్నానముచేసి, కాఫీ త్రాగి, స్టీరింగు పట్టినను హద్దు దాటియే ఉండవచ్చును.

యంత్రమును ఎప్పటికప్పుడు సరిచూచి ధ్రువపరచవలెను. ప్రతి పరీక్షకు ముందు వట్టిగాలితో అది సున్న చూపుచున్నదని నిర్ధారించుకొనవలెనని కేరళ హైకోర్టు 2025లో స్పష్టపరచినది. తూకము వేయకముందు తక్కెడ ముల్లు నడుమ నిలిచినదా అని చూచుట సంతలో కూరగాయలు కొను ఇల్లాలికి సైతము తెలిసిన సంగతి. నిరపరాధి ఉద్యోగము పోగొట్టుకొన్న ప్రతిసారి, అపరాధికి యంత్రమును నిందించుటకు ఒక సాకు దొరకును. కనుక కొలతలోని నిజాయతీ ముద్దాయికి చేయు ఉపకారము మాత్రమే కాదు. రోడ్డున నడుచువారి ప్రాణరక్షణకు కూడ అదే పునాది.

బండికే కావలి

ఆపి పట్టుకొనుటకంటె, కదలకుండ చేయుట మేలని మరొక ఆలోచన కలదు. ఇంజనుకు ఊపిరి పరికరము తగిలింతురు. చోదకుడు ఊది శుద్ధుడని తేలినగాని బండి కదలదు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రము 2005నుంచి, త్రాగి నడిపినట్లు నిర్ధారణ అయిన ప్రతివాని బండికి, మొదటి నేరమైనను, ఈ తాళమును తప్పనిసరి చేసినది. ఐరోపా సమాఖ్యలో 2024 జూలైనుంచి అమ్ము క్రొత్త వాహనములన్నిటిలో దీనిని సులభముగా అమర్చుటకు వీలు ఉండవలెను. జపాను 2023 డిసెంబరునుంచి, ఐదు లేక అంతకు మించిన కార్లు నడుపు సంస్థలు తమ చోదకులను పనికి ముందు, తరువాత పరికరముతో పరీక్షించి, ఆ లెక్క భద్రపరచవలెనని నియమించినది. మన ఆర్టీసీ డిపోలలో బస్సు అప్పగించకముందు డ్రైవరుచేత ఊదించుట ఈ త్రోవలోనిదే. బస్సుకు ఉన్న ఈ కావలి లారీకి, పాఠశాల బండికి, అద్దెకారుకు అంత క్రమముగా లేకపోవుటయే విచారకరము.

భారతములో శుక్రుని శాసనము మొదటిదైతే, మౌసలపర్వములో మరొక శాసనము కలదు. యాదవనాశము దాపురించుచున్నదని తెలిసి, ద్వారకలో ఎవ్వరును మద్యము కాచరాదని, కాచినవానిని బంధువులతో కూడ కొరత వేయుదుమని చాటించినారు. అంతకు మించిన దండనము ఏ ధర్మశాస్త్రమును ఊహింపజాలదు. ప్రజలు భయపడి కొన్నాళ్లు మానినారు. తరువాత యాత్రకని ప్రభాసతీర్థము చేరినపుడు మద్యము వెంట వచ్చినది. అక్కడ అడిగినవారు లేరు, ఆపినవారు లేరు. మాట మాట పెరిగి, తుంగపరకలే రోకళ్లై, ఒకే కులమువారు ఒకరినొకరు చంపుకొన్నారు.

పదివేల రూపాయల జరిమానా కొరతకంటె చిన్నదే. అది ప్రతి రాత్రి, ప్రతి రహదారిపై, ధనికుని కారుకు, కూలివాని మోపెడుకు ఒకేరీతి ఎదురగునని జనులకు నమ్మకము కలిగిననాడు దాని బలము వేరు. ఆ నమ్మకము వారాంతపు నగరవీధులలో కొంత ఏర్పడినది. మంగళవారమునాటి మధ్యరాత్రి, జిల్లా రోడ్డుమీద, ఇంటికి పోవుచున్న ఒంటరి మోటారుసైకిలుకు అది ఇంకను ఎదురుపడవలసి ఉన్నది.